అప్‌డేట్: డియోరే తీసుకున్నాను, షిఫ్టర్ మాత్రం ఎక్స్‌టీ

మౌంటెన్ బైక్‌కి షిమానో కంపెనీ గేర్ సెట్లలో డియోరే 12 స్పీడ్ (వెనక 12 గేర్లు) సరిపోతుందా, దాని పై స్థాయి ఎక్స్‌టీకి వెళ్లాలా అని ఇంతకుముందు అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి రెండూ కలిపేశాను.

రెండింటి క్యాసెట్లలోనూ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) చిన్న చక్రానికి 10, పెద్దదానికి 51 పళ్లే కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు దొరికే గేర్ ఒకటే. ఎక్స్‌టీ క్యాసెట్ సుమారు 120 గ్రాములు తేలిక, అంతే. అసలు తేడా చేతికి తెలిసేది షిఫ్టర్‌లో, అంటే హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీటలో. ఎక్స్‌టీలో బొటనవేలితోనో చూపుడువేలితోనో రిలీజ్ లివర్‌ని ఒక్కసారి గట్టిగా నొక్కితే చైన్ రెండు గేర్లు చిన్న చక్రాల వైపు, అంటే వేగంగా వెళ్లే గేర్ల వైపు దిగుతుంది. ఎత్తు దాటి వేగం అందుకునే చోట ఇది ఎంత హాయిగా ఉందో! ఈ షిఫ్టర్ డియోరే డిరైలర్‌తో (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి జరిపే భాగం) చక్కగా పనిచేస్తోంది, ఈ 12 స్పీడ్ మౌంటెన్ భాగాలన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. పాత హబ్ (చక్రం మధ్య భాగం) ఉన్నవాళ్లు మాత్రం ముందే చూసుకోండి, ఈ 10 పళ్ల క్యాసెట్‌కి మైక్రో స్ప్లైన్ అనే రకం ఫ్రీహబ్ (హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) కావాలి.

నా రోడ్ బైక్‌కి ఉన్న షిమానో 105 సెట్ గేర్ లివర్లు ఈ మౌంటెన్ బైక్‌కి పెట్టొచ్చా అని కూడా అడిగాను. కుదరదు. రెండూ 12 స్పీడే అయినా ఒక్కో క్లిక్‌కి కేబుల్ లాగే కొలత వేరు, గేర్లు సరిగ్గా కూర్చోవు. రోడ్ బైక్‌ని అలాగే ఉంచేస్తున్నాను.