లంకలో మా మామ్మ ఓటు "షిఫ్ట్ అయింది" అని తీసేశారు, మళ్ళీ ఎక్కించడం ఎలా?

గట్టుమీద_ఇల్లు:

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమలో గోదారి పాయల మధ్య ఒక లంక. ఊరి పేరు రాయడం లేదు, చిన్న ఊరు, ఎవరి సంగతో వెంటనే తెలిసిపోతుంది.

మా మామ్మకి 83 ఏళ్ళు. కాపురానికొచ్చిన దగ్గర్నించి ఒక్క ఎన్నిక కూడా వదల్లేదు. 2024 మే 13న కూడా నేనే చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించాను. మొన్న మా తమ్ముడికి 18 నిండాయని కొత్త ఓటు రాయిద్దామని లిస్టు తీసి చూస్తే మా ఇంటి నంబరు మీద నాన్న, అమ్మ, నేను ఉన్నాం. మామ్మ పేరు మీద మాత్రం అడ్డంగా "డిలీటెడ్" అని ఉంది, పక్కన "ఎస్" అక్షరం. ఎస్ అంటే షిఫ్టెడ్ అట.

ఆవిడ ఎక్కడికీ షిఫ్ట్ అవలేదండి. వరద వచ్చినప్పుడు లంకలో అందరం ఏటిగట్టు మీదకి చేరాం, ఈ వయసులో టార్పాలిన్ కింద ఎందుకని మామ్మని రావులపాలెంలో మా అత్త ఇంట్లో దింపాం. నీళ్ళు తీశాక ఇల్లంతా బురద, దాన్ని కడిగి సున్నం వేసి మళ్ళీ తీసుకొచ్చేసరికి రెండు నెలలు పట్టింది. ఆ మధ్యలోనే ఇంటింటి సర్వే జరిగినట్టుంది. ఇంటికి తాళం ఉంటే పక్కవాళ్ళని అడిగారట, "కూతురింటికి వెళ్ళిపోయింది" అన్నారట. అంతే, రాసేసుకున్నారు. నోటీసు ఇచ్చారో లేదో మాకైతే రాలేదు.

ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఓటరు కార్డు పెట్టెలో పట్టుచీర మడతలో దాచుకుంటుంది. లామినేషన్ అంచులు లేచిపోయాయి, ఫోటోలో మొహం సగం చెరిగిపోయింది, అయినా ఎన్నికలంటే చాలు బయటికి తీసి కొంగుతో తుడుచుకుంటుంది. ఇప్పుడు ఏ ఫారం పెట్టాలి? కార్డు ఉంది కాబట్టి ఆ రోజు వెళ్తే వెయ్యనిస్తారా? ఇంకో సంగతి, లిస్టులో మా ఊరి భాగంలోనే మరో తొమ్మిది పేర్లు ఇలాగే పోయాయి. ముగ్గురు పక్క జిల్లాలకి వెళ్ళొచ్చే కొబ్బరి దింపు కార్మికులు, ఇద్దరు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ళు, మిగతావాళ్ళ సంగతి ఇంకా కనుక్కోవాలి.

మాజీ_బీఎల్వో:

అమ్మా, నేను అంగన్‌వాడీ టీచర్‌ని, ఎనిమిదేళ్ళు బీఎల్వోగా (బూత్ స్థాయి అధికారి, ఇంటింటికీ వెళ్ళి ఓటర్ల లిస్టు చూసేవాళ్ళు) చేశాను. పని అయ్యాకే మామ్మగారికి చెప్పండి.

కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదు. ఇది తెలియక ఎంతమంది బూత్ దగ్గర ఏడ్చి వెళ్ళారో నేను చూశాను. కార్డు మనిషిని గుర్తుపట్టడానికే, ఓటు ఉండేది లిస్టులో. లిస్టులో పేరుంటే కార్డు పోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, ఏదో ఒకటి చూపించి వెయ్యొచ్చు. లిస్టులో లేకపోతే ఎన్ని కార్డులున్నా బూత్ అధికారి చేతిలో ఏమీ ఉండదు.

పేరు పూర్తిగా తీసేశారు కాబట్టి ఫారం 6 పెట్టాలి, కొత్త ఓటుకి పెట్టేదే. చాలామంది ఫారం 8 నింపేస్తారు, అది చిరునామా మార్పుకీ, తప్పులు దిద్దుకోడానికీ, పేరు లిస్టులో ఉన్నవాళ్ళకే. వయసుకీ చిరునామాకీ ఆధార్ పెట్టొచ్చు, లేదంటే చిరునామాకి కరెంటు బిల్లు గానీ పాస్‌బుక్కు గానీ. ఫోన్లో పెట్టొచ్చు, లేదా మీ బీఎల్వో చేతికే ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా మాత్రం రాకండి. పెట్టాక అభ్యంతరాలకి ఏడు రోజులు గడువుంటుంది, బీఎల్వో ఇంటికొచ్చి చూసి వెళ్తారు, ఆ రోజు మామ్మగారు ఇంట్లో ఉండేలా చూసుకోండి. కుదరదని రాస్తే పదిహేను రోజుల్లోపు కలెక్టర్‌గారికి అప్పీలు, అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లోపు రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. ఎన్నికల దాకా మాత్రం ఆగకండి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకి ఇక పేరు ఎక్కదు.

అసలు నోటీసు ఇవ్వకుండా, చెప్పుకోడానికి అవకాశం లేకుండా బతికున్న మనిషి పేరు తీయకూడదు. చట్టంలోనే ఉంది. కాబట్టి ఫారం 6తో పాటు "ఏ ఆధారంతో తీశారు, నోటీసు ఎప్పుడు ఎవరికి ఇచ్చారు" అని ఒక అర్జీ కూడా నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారికి రాసి ఇవ్వండి.

మా వైపు మాట కూడా చెప్తాను. వెయ్యికి పైగా పేర్లు, సెంటర్లో పిల్లల తూకాలు, గుడ్ల లెక్కలు, పైనుంచి "ఈ సాయంత్రానికి ఎంత శాతం అయ్యింది" అని ఫోన్లు, విపరీతమైన టెన్షన్. తాళం ఉన్న ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, అది లంక అయితే మళ్ళీ పడవ, పడవ డబ్బులు మా చేతివే. ఒకసారి నేనూ పక్కింటి మాట పట్టుకుని ఒకావిడని షిఫ్ట్ అని రాసేశాను. పోలింగ్ రోజు ఆవిడ కార్డు పట్టుకుని వచ్చింది. తిట్టలేదు. "మా చిన్నోడికి నువ్వే కదమ్మా గుడ్డు పెడతావు, నన్ను ఎరగవా" అంది. ఆ తర్వాత మనిషిని గానీ, ఆ ఇంటివాళ్ళని గానీ కళ్ళారా చూడకుండా ఒక్క పేరు మీద కూడా గీత పెట్టలేదు.

కువైట్_అక్క:

ఆ ఇద్దరు ఆడవాళ్ళ సంగతి మీద నేను రాస్తాను, నేనూ అలా పోయినదాన్నే. మాది రాజోలు వైపు, ఇక్కడ ఇళ్ళల్లో పనికి వచ్చి 11 ఏళ్ళు. ఏటా ఒకసారి ఊరొస్తాను, ఇల్లు అక్కడే, పిల్లలు అక్కడే, పంపే ప్రతి దినారూ అక్కడికే. కానీ "మామూలుగా నివాసం ఉండే చోటు" అనే మాట దగ్గర మేం పడిపోతాం. మాలాంటివాళ్ళకి ప్రవాస ఓటరుగా ఫారం 6ఎ ఉంది, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాతోనే ఎక్కిస్తారు, 2011 నుంచి ఉంది. నేను పెట్టుకున్నాను, పేరు వచ్చింది.

అయితే ఓటు వెయ్యాలంటే మనిషి స్వయంగా పాస్‌పోర్టు పట్టుకుని ఊరి బూత్‌కి రావాలి. పోస్టులో కుదరదు, ఎంబసీలో కుదరదు. 2024లో సెలవు ఇవ్వలేదు, ఇచ్చినా రానూపోనూ టిక్కెట్టు అంటే నాకు నెలల జీతం. సైన్యంలో ఉన్నవాళ్ళకి పోస్టల్ బ్యాలెట్ పంపగలిగినప్పుడు మాకు ఎందుకు పంపలేరు? విదేశాల్లో ఉన్నవాళ్ళ ఓటు అంటే అందరికీ అమెరికాలో సాఫ్ట్‌వేర్ వాళ్ళే గుర్తొస్తారు, మా లంకల నుంచి వచ్చి ఇక్కడ గిన్నెలు తోముతున్నవాళ్ళు ఎవరికీ గుర్తురారు. ఆ ఇద్దరికీ ఫారం 6ఎ గురించి చెప్పండి, కనీసం సెలవులో ఉన్నప్పుడు ఎన్నికలొస్తే వెయ్యొచ్చు.

ఎదుర్లంక_వంతెన:

మాది యానాం. మా చుట్టూ మీ గోదారి జిల్లాలే గానీ మేం పుదుచ్చేరి కింద, అందుకని 2025 నవంబర్లో మొదలైన ఓటర్ల లిస్టు ప్రత్యేక సవరణ మా దగ్గర జరిగింది. ఇంటింటికీ ఫారాలు ఇచ్చారు, అందులో ఇరవై ఏళ్ళ పైబడ్డ పాత లిస్టులో మన పేరో, అమ్మానాన్నల పేరో ఎక్కడుందో చూపించాలి. మగవాళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు, పుట్టిన ఊరూ ఉన్న ఊరూ ఒకటే. మా ఇంట్లో అమ్మదీ వదినదీ పుట్టిల్లు వంతెన అవతల, ఆంధ్రలో. వాళ్ళ నాన్నగారి పేరు పాత లిస్టులో వెతకడానికి మూడు రాత్రులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాం, ఇంటిపేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. చదువుకున్న మా ఇంట్లోనే ఇలా ఉంటే వేటకి వెళ్ళే కుటుంబాల్లో ఎలా ఉంటుందో చూడండి.

ఇదే సవరణ ముందు జరిగిన బీహార్‌లో 2025 ఆగస్టు ముసాయిదా లిస్టులో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. ఎవరి పేరు ఎందుకు లేదో కారణంతో సహా బయట పెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న చెప్పాకే మామూలు మనిషికి చూసుకునే వీలు కలిగింది. చనిపోయినవాళ్ళవీ, రెండుచోట్ల ఉన్నవీ తీసేయాలి, అందులో వాదన లేదు. కానీ తీసేసిన పేర్లు కారణంతో సహా ఊళ్ళో గోడకి అంటించాలి. మీ మామ్మగారి పేరు పక్కన "షిఫ్టెడ్" అని పంచాయతీ గోడ మీద ఉంటే ఊరంతా అదే రోజు "అదేంటి, ఆవిడ అరుగు మీదే ఉందిగా" అని ఉండేది.

రిటైర్డ్_మాస్టారు:

ఇది కొత్త జబ్బు కాదు బాబూ. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు లక్షలాది ఆడవాళ్ళు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు, ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి పేర్లు కుదరవన్నారు, దాదాపు 28 లక్షల మంది లిస్టులోంచి పోయారు. ఆయన పట్టుదల వల్లే తర్వాతి ఎన్నికలకి ఆడవాళ్ళు సొంత పేర్లతో ఎక్కారు, ఆ మాట నిజమే, కానీ ఆ మొదటి ఓటు పోగొట్టుకున్నవాళ్ళకి అది తిరిగి రాలేదు. అప్పుడూ ఇప్పుడూ లిస్టు సరిచేసేటప్పుడు ముందు జారిపోయేది ఆడవాళ్ళూ, పని కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళే.

కమిషన్‌ని బలోపేతం చెయ్యాలి అంటే టీవీల్లో కమిషనర్ల నియామకం గురించే మాట్లాడతారు. అది ముఖ్యమే. చట్టం వచ్చేదాకా నియమించే కమిటీలో ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకుడితో పాటు ప్రధాన న్యాయమూర్తి ఉండాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు అంటే, అదే ఏడాది డిసెంబరులో చట్టం చేసి ఆయన స్థానంలో కేంద్రమంత్రిని పెట్టారు. అది సరికాదని నా అభిప్రాయం. కానీ లంకలో ఉన్న ముసలావిడకి ఎన్నికల కమిషన్ అంటే పడవ దిగి వచ్చే బీఎల్వోనే. ఆ మనిషికి పడవ ఖర్చు ఇవ్వకుండా, వేరే పనులు తగ్గించకుండా, ఢిల్లీలో ఎవరు కూర్చున్నా లిస్టు ఇలాగే ఉంటుంది.

మేం మా ఊళ్ళో ఏం చేస్తామంటే, ముసాయిదా రాగానే ఒక ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుని లిస్టు పైకి చదువుతాం. గ్రామసభలో చదవాలని కమిషన్ చెప్పేదే, చదివేవాళ్ళు లేక పోతోంది. ఇంటి నంబరు, పేరు, వయసు. మొదటి గంట బాగా విసుగ్గా ఉంటుంది. తర్వాత ఎవరో ఒకరు "ఆగండి మాస్టారూ, మా చెల్లెలి పేరు చదవలేదు" అంటారు, అక్కణ్ణించి ఎవరూ కదలరు. పోయినేడు బాతులు మేపుకుంటూ చేల వెంట తిరిగే రెండు కుటుంబాల పేర్లు లేవని అలాగే తెలిసింది. ఇల్లు లేనివాళ్ళకి చిరునామా కాగితం అక్కర్లేదు, బీఎల్వో రాత్రిపూట వచ్చి వాళ్ళు నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటే చాలు. ఆ సంగతి మా బీఎల్వోకే తెలీదు, మేం సూచనలు ప్రింటు తీసి చూపించాం.

రేవు_దగ్గర:

పోలింగ్ రోజు పడవ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. అభ్యర్థి తరపున ఓటర్లని ఉచితంగా తీసుకెళ్ళడం అవినీతి చర్య కిందకే వస్తుంది, చట్టంలో వాహనంతో పాటు పడవ కూడా స్పష్టంగా ఉంది. మా రేవులో అయితే ప్రతిసారీ పార్టీ పడవ ఎక్కినవాళ్ళు ఆ పార్టీ అనే లెక్క, ఎక్కకపోతే అవతలి పార్టీ అనే లెక్క, ఓటు రహస్యం రేవులోనే పోతుంది. అందుకే పడవ పెట్టమని ముందే తహసీల్దారుకి రాసివ్వండి. అసలు బూత్ దూరం 2 కిలోమీటర్లు మించకుండా, మధ్యలో ఏరు దాటే పని లేకుండా చూడాలని కమిషన్ సూచనలున్నాయి. సవరణకి ముందు బూత్‌ల హేతుబద్ధీకరణ అని, అంటే ఏ బూత్ ఎక్కడుండాలో మళ్ళీ చూడడం, చేస్తారు, లంకలోనే బూత్ కావాలని అప్పుడు అర్జీ పెడితే వింటారు, ఎన్నికల నెలలో పెడితే వినరు. ఇంకోటి, 80 దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు కదా, మీ మామ్మగారికి 83 కాబట్టి అదీ అడగండి.

మాజీ_బీఎల్వో:

రేవు గారూ, అది 2024 మార్చిలో మారింది, ఇప్పుడు 85 దాటాలి. వయసు చాలకపోయినా 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గర వెయ్యొచ్చు. ఒకసారి ఇంటి దగ్గర వేస్తానని ఒప్పుకుంటే మళ్ళీ బూత్‌కి వెళ్ళి వెయ్యడం కుదరదు. ఈవిడ పడవ ఎక్కగలిగితే మనవరాలితో కలిసి బూత్‌కే వెళ్ళనివ్వండి. చూపు ఆనకపోతే 18 నిండిన ఒకరు లోపలికి తోడు వెళ్ళొచ్చు.

గట్టుమీద_ఇల్లు:

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న మామ్మది ఫారం 6 బీఎల్వోకి ఇచ్చి రసీదు తీసుకున్నాను, అర్జీ కూడా ఇచ్చాను. ఆ బీఎల్వో కొత్తగా వచ్చినావిడే, పాత సర్వే తనది కాదట, అయినా విసుక్కోకుండా తీసుకుంది. ఫోటో కోసం కొత్త చీర కట్టుకోమంటే మామ్మకి అనుమానం వచ్చింది, ఇక చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను బతికున్నానని ఎవరికి చెప్పాలే" అంది. బీఎల్వో వచ్చే రోజు అరుగు మీదే కూర్చుంటానంటోంది.

మిగతా తొమ్మిదిలో ఇద్దరు నిజంగానే చనిపోయారు, ఒకరు పెళ్ళయి వెళ్ళిపోయారు. దింపు కార్మికులు ముగ్గురివీ నేనే ఫోన్లో పెడదామంటే ఒకతని నంబరు ఆధార్‌కి లింక్ లేదు, ఓటీపీ రావట్లేదు. అతను శనివారం పొద్దున్నే మళ్ళీ పనికి వెళ్ళిపోతాడు. ఓటీపీ లేకుండా కాగితం ఫారం మీద సంతకం పెట్టించి నేను ఇస్తే తీసుకుంటారా, లేక అతనే రావాలా?

మాజీ_బీఎల్వో:

తీసుకుంటారు. కాగితం ఫారానికి ఓటీపీతో పని లేదు. పార్టీవాళ్ళు కట్టలు కట్టలుగా తెస్తేనే ఒప్పుకోరు. సంతకం, ఫోటో, ఆధార్ కాపీ శుక్రవారం సాయంత్రంలోపు తీసేసుకోండి. సర్వేకి వచ్చే రోజు అతను ఊళ్ళో ఉండడు కాబట్టి ఎప్పుడెప్పుడు ఇంటికొస్తాడో, ఇంట్లో ఎవరుంటారో ఒక చిన్న కాగితం మీద రాసి దానికే పిన్ చెయ్యండి. ఏమన్నా అడ్డం చెప్తే 1950కి ఫోన్ చెయ్యండి.