సమస్యాపూరణం: "నడచె నీటిపై దేవుఁడు నాతిఁ జూడ"

నిర్వాహకులు: ఈ వారం తేటగీతి, చివరి పాదం పైన ఇచ్చాను. ఒక్క షరతు, శివుడనో కృష్ణుడనో తిప్పేయకూడదు, పూరణ జపాన్‌లో నగానో ప్రాంతంలోని సువా సరస్సు ఒడ్డున ఉన్న షింటో గుడి, సువా తైషా మీదే ఉండాలి. సరస్సుకి దక్షిణాన ఎగువ గుడి, ఉత్తరాన దిగువ గుడి, ఒక్కోదానికి రెండేసి ఆలయాలు. ఎగువన తకెమినకత స్వామి, దిగువన ఆయన భార్య యసకతోమె అమ్మవారు అని అక్కడి జనం చెప్పుకుంటారు.

గోదారిగట్టు:
మంచు గడ్డయై సువ యను మడుగు నిలువ
రేయి చలి ముడిచిన పొర రేఁగి చీల
పగటి యెండకు మిట్టలై పైకి లేవ
నడచె నీటిపై దేవుఁడు నాతిఁ జూడ

పెద్దబాలశిక్ష: అద్భుతం అండీ, అక్కడ జరిగేది అచ్చంగా ఇదే. రాత్రి చలికి మంచు కుదించుకుపోయి పగుళ్ళిస్తుంది, పగుళ్ళలో నీరు చేరి మళ్ళీ గడ్డకడుతుంది, పగలు మంచు వ్యాకోచించేసరికి చోటు చాలక పెద్ద శబ్దంతో గట్టులా లేస్తుంది. దాన్ని ఒమివతారి అంటారు, స్వామి దాటిన దారి అని. మొత్తం మూడు పాదాల్లో పట్టేశారు, యతులు కూడా శుభ్రంగా ఉన్నాయి.

కృష్ణాతీరం: నాకో సందేహం మాస్టారూ, జపాన్ పాత పురాణ గ్రంథం కొజికి కథలో ఈ స్వామి బలపరీక్షలో ఓడిపోయి సువాకి పారిపోయి, ఇక్కణ్ణుంచి ఎక్కడికీ కదలనని మాటిచ్చాడు కదా, మరి ఈ నడక?

పెద్దబాలశిక్ష: సరస్సు సువాలోనే ఉందిగా, మాట తప్పినట్టు కాదు. అసలు అంత కట్టుబాటులో ఉన్నాయన ఏటా ఈ కాస్త దూరం వెళ్ళడమే నాకు ఈ కథలో ఇష్టం.

సీతాఫలం:
పడవ నెక్కి వీధులఁ దేలె భామ యచట
ఎండ నాళ్ళలో, చలి హెచ్చి యిరులు మూఁగ
మగఁడు పడవను వలదని మంచు తెరువు
నడచె నీటిపై దేవుఁడు నాతిఁ జూడ

ఆగస్టు 1న దిగువ గుడి దేవతని వసంతాలయం నుంచి శరదాలయానికి మారుస్తారు, అప్పుడు పెద్ద పడవని నేల మీదే లాక్కెళ్తారు, దాని మీద రాశా.

నిర్వాహకులు: నేల మీద పడవ, నీటి మీద నడక, ఈ ఎదురుబొదురు చాలా బాగుందమ్మా. కానీ "మగఁడు" అని మళ్ళీ "దేవుఁడు" అంటే పునరుక్తి. "మదిని పడవను వలదని" అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి.

వేపపువ్వు:
వందలేఁడుల నుండియు లెక్క యుండె
నర్చకులు వ్రాయు కవిలెల నబ్బురముగ
నేఁడు గడ్డయే కట్టదు, నిన్నటి కథ
నడచె నీటిపై దేవుఁడు నాతిఁ జూడ

పెద్దబాలశిక్ష: మొదటి పాదంలో యతి పోయింది, వ-లె కుదరదు. "లెక్క" తీసి "వరుస యుండె" అనండి చాలు. భావం మాత్రం ఈ మూడింట్లో ఇదే గట్టిది. 1443 నుంచి రాతలున్నాయి, ఇప్పుడు ఆ పని యత్సురుగి గుడి అర్చకులది, జనవరి మొదటివారం నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా రోజూ తెల్లారగట్ల ఒడ్డుకెళ్ళి చూస్తారు, గట్టు లేస్తే అది సాగిన తీరుని బట్టి పంటల జోస్యం కూడా చెప్తారు. 2018లో లేచింది, తర్వాత వరసగా చాలా ఏళ్ళు గడ్డే సరిగా కట్టలేదు. అయినా వెళ్ళడం మానలేదు, రాలేదన్న సంగతి కూడా రాసుకుంటున్నారు, పద్యంలో ఆ ముక్క కూడా ఉంటే ఇంకా నిండుగా ఉండేది.

నిర్వాహకులు: ఆదివారం దాకా పంపొచ్చు. ఆరేళ్ళకోసారి అడవి నుంచి 16 మాన్లు లాక్కొచ్చి నాలుగు ఆలయాల మూలల్లో పాతే ఒంబషిరా పండుగని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, ఆ మాన్లకీ ఈ నడకకీ ముడిపెట్టి ఎవరైనా రాయండి.