లిఫ్టు లేకుండా పికప్పుకు పెద్ద టైర్లు: ఎంతవరకు వెళ్ళవచ్చు?

మెకిన్నీ కొత్తవాడు:

అందరికీ నమస్కారం. ఒంగోలు నుంచి టెక్సస్ వచ్చి ఎనిమిది నెలలైంది. కిందటి నెల వాడిన ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాను, నాలుగు చక్రాల డ్రైవ్. టైర్లు బాగా అరిగిపోయాయి. ఉన్నవి 265/70 ఆర్ 17. ఎలాగూ మార్చాలి కదా అని కాస్త పెద్దవి వేయాలనుకుంటున్నాను. లిఫ్టు, అంటే బండిని ఎత్తు పెంచే సామాను, వేయించే ఉద్దేశం లేదు, అంత డబ్బూ లేదు. షాపులో 285/70 హాయిగా పడతాయన్నారు. ఆఫీసులో స్నేహితుడు 275/70 దాటవద్దంటున్నాడు. బోనమ్ దగ్గర మా పిన్ని వాళ్ళకు పది ఎకరాలున్నాయి, రెండు వారాలకోసారి వెళ్తాం. అక్కడ లోపలికి మట్టి దారి. మిగతా తిరుగుడంతా హైవే మీదే. ఏది తీసుకోమంటారు?

ప్లేనో పెద్దాయన:

తమ్ముడూ, షాపు మాట, స్నేహితుడి మాట రెండూ పక్కన పెట్టు. డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. కంపెనీ వేసిన టైరు సైజు, పెట్టవలసిన గాలి దాని మీద ఉంటాయి. నీది వాడిన బండి కనుక ఇప్పుడున్నవి అసలు సైజేనా అన్నది కూడా అక్కడే తేలుతుంది. పాత యజమాని నీకంటే ముందే ఒక మెట్టు ఎక్కించి ఉండవచ్చు.

ఇక లెక్క. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం పక్కగోడ ఎత్తు. 17 రిము, అంగుళాల్లో. అన్నీ కలిపితే నీ టైరు ఎత్తు 31.6 అంగుళాలు. 275/70 అయితే 32.2. 285/70 అయితే 32.7, షాపుల వాళ్ళు దాన్నే '33' అని అమ్ముతారు. టైరు 1.1 అంగుళం పెరిగితే బండి కూడా అంత లేస్తుందనుకుంటారు అందరూ. లేచేది అందులో సగమే. మిగతా సగం పైకి, ఫెండరు (చక్రం మీది రేకు) వైపు పోతుంది. అర అంగుళం ఎత్తు కోసం ఇంత ఆరాటం అవసరమా అన్నది నువ్వే ఆలోచించు.

ఇంకో మాట. టెక్సస్‌లో ఏటా తనిఖీ ఉంటుంది, ఫెండరుకు రాసుకునే టైరు ఉంటే పంపించరు. కంపెనీ సైజుకు 3 శాతం మించడం చట్టవిరుద్ధం కూడా.

డెంటన్ బాబాయి:

పెద్దాయన గారూ, గౌరవంతోనే అంటున్నాను, ఆ చివరి రెండు ముక్కలూ తప్పు. సొంత బండ్లకు ఏటా భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి లేదు. తనిఖీ పోయింది కానీ ఏడున్నర డాలర్ల రుసుము మాత్రం పోలేదు, రిజిస్ట్రేషన్‌తో కలిపి తీసుకుంటున్నారు. మన కాలిన్, డెంటన్, డాలస్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. అందులో టైరు ఎత్తు ఎవరూ కొలవరు. 3 శాతం అన్నది షాపుల్లో చెప్పుకునే కొండగుర్తు, చట్టం కాదు.

అబ్బాయీ, నువ్వు చూసుకోవలసింది స్పీడోమీటరు. 285 వేస్తే తేడా సుమారు 3.5 శాతం. మీటరు 70 చూపిస్తుంటే నువ్వు 72 దాటి పోతుంటావు. హైవే పోలీసుకు టైర్ల లెక్క వినిపించి చూడు, శ్రద్ధగా విని టికెట్ రాసి ఇస్తాడు. ఫోర్డ్ బండికైతే ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో టైరు కొలత మార్చుకోవచ్చు, డీలరు దగ్గర కూడా చేస్తారు.

రిములు మాత్రం మార్చవద్దు. బయటికి పొడుచుకు వచ్చే రిములు, లేదా చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు వేస్తే స్టీరింగు తిప్పినప్పుడు టైరు ఇంకా వెడల్పుగా తిరుగుతుంది. అంతవరకు తగలనిది అప్పుడు తగులుతుంది. 'లిఫ్టు లేకుండా 33 పట్టలేదు' అని వాపోయే వాళ్ళలో సగం మంది చేసిన పని ఇదే.

అర్వింగ్ కాపురం:

టైరు సైజు సంగతి మీరు తేల్చుకోండి. నేను చెప్పేది ఎవరూ చెప్పరు. తమ్ముడూ, నువ్వు అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్లయితే టైర్లు ఆన్‌లైన్‌లో కొని ఇంటికి తెప్పించుకోవద్దు.

నేను తెప్పించాను. నలభై డాలర్లు కలిసి వస్తాయని. నాలుగు టైర్లు శుక్రవారం దిగాయి. లీజింగ్ ఆఫీసులో అమ్మాయి వాటిని చూసి 'ఇవి పార్సిల్ కాదు' అంది. మోసుకెళ్ళి బాల్కనీలో పేర్చాను. షాపులో మర్నాటికి అపాయింట్‌మెంట్ ఉంది, కానీ వాన వల్ల వాళ్ళే వాయిదా వేశారు. మంగళవారం తలుపు మీద పసుపు కాగితం: బాల్కనీలో కుర్చీలు, మొక్కలు తప్ప మరేమీ ఉంచకూడదు, లీజులో ఫలానా పేజీ. బుధవారం బిగించుకుని వచ్చాను. అక్కడ చేసిన తప్పు, పాత టైర్లు నాలుగూ వెనక్కి తెచ్చుకోవడం. ఎవరైనా కొంటారేమోనని ఆశ. మూడు నెలలున్నాయి. వాటిలో వాన నీళ్ళు నిలిచి దోమలు. కింది ఇంటివాళ్ళు ఫిర్యాదు చేశారు, 150 డాలర్లు జరిమానా. చివరికి నేనే డబ్బు కట్టి పారేయించాను.

కథ అయిపోలేదు. ఏడాది తరువాత ఇల్లు ఖాళీ చేస్తే డిపాజిట్‌లో 400 కోత. ఎందుకని అడిగితే బాల్కనీ సిమెంటు మీద రెండు నల్లటి వలయాలు చూపించారు, ఒకదాన్ని ఒకటి తాకుతూ. రబ్బరు మరక సిమెంటులోకి ఇంకిపోతుంది, సబ్బుకు రాదు, బ్లీచికీ రాదు. నేను ప్రయత్నించాను, చేతులు మండాయి తప్ప వలయం చెదరలేదు.

ఒకటి గుర్తుంచుకోండి. మన రాష్ట్రంలో ఇల్లు ఖాళీ చేసిన 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కోత ఉంటే దేనికెంత అని రాసి ఇవ్వాలి. అందుకు మీ కొత్త చిరునామా మీరు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. నేను నోటితో చెప్పి ఊరుకున్నాను. తరువాత రిజిస్టర్డ్ ఉత్తరం పంపితే గానీ కదలలేదు. సగం వచ్చింది.

ప్లేనో పెద్దాయన:

అతను అడిగింది పికప్పు టైర్ల గురించి. మీ బాల్కనీ గురించి కాదు.

అర్వింగ్ కాపురం:

టైర్ల గురించే కదా చెప్పాను. పాతవి షాపులోనే వదిలేయాలి, టైరుకు కొన్ని డాలర్లు తీసుకుంటారు, ఇవ్వాలి. ఆ ఒక్క ముక్క నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే 350 డాలర్లు మిగిలేవి.

నంద్యాల ఆడపడుచు, షెర్మన్:

బోనమ్ దగ్గర పది ఎకరాలంటే అది నల్లరేగడి, తమ్ముడూ. శాన్ ఆంటోనియో దగ్గర మొదలై ఉత్తరాన రెడ్ రివర్ దాకా పోయే నల్లనేల. మన నంద్యాల చేల లాగే ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. నేను ఆరేళ్ళుగా ఈ మట్టిలో టకోమా పికప్పు నడుపుతున్నాను కనుక చెబుతున్నాను.

తడి రేగడిలో టైరు పెద్దదైనంత మాత్రాన బండి కదలదు. వాన పడిన రోజు మా పొలం గేటు నుంచి షెడ్డు దాకా రెండు వందల గజాలు వెళ్ళేసరికి టైరు గాడులు పూర్తిగా మూసుకుపోయి నున్నటి నల్ల గుమ్మడికాయలా తయారవుతుంది. మా తాతగారి ఎద్దులబండి చక్రానికి కూడా ఇలాగే పట్టేది, కర్రతో గీకుతూ నడిచేవాళ్ళం. గాడుల్లో పట్టిన మట్టి టైరు చుట్టూ ఒక అంగుళం మందాన పేరుకుంటుంది. అంటే నువ్వు 33 వేసుకుంటే రేగడిలో అది 35 అవుతుంది. షాపు ముందు సిమెంటు మీద 'హాయిగా పట్టిన' టైరు అక్కడ లోపలి ప్లాస్టిక్‌ను పీకేస్తుంది. మా ఆయన బండికి కుడివైపు లైనరు అలాగే ఊడింది, జిప్ టైలతో కట్టి నడుపుతున్నాడు.

అందుకని కొనే ముందు ఇలా చూసుకో. బండిని చదునైన చోట ఆపి స్టీరింగును ఒక పక్కకు చివరిదాకా తిప్పు. టైరు వెనక అంచుకూ మడ్ ఫ్లాపుకూ మధ్య, ముందు అంచుకూ బంపరు కింది ప్లాస్టిక్‌కూ మధ్య టేపు పెట్టు. రెండో పక్కకు తిప్పి మళ్ళీ చూడు. తరువాత ఒక ముందు చక్రాన్ని దిమ్మ మీదకు ఎక్కించి, స్ప్రింగు నొక్కుకున్నప్పుడు మళ్ళీ కొలువు. అసలు సంగతి ఇప్పుడు బయటపడుతుంది. 285 వేస్తే అన్ని వైపులా అర అంగుళం పైన, వెడల్పులో అటు ఇటు 10 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుందని లెక్క వేసుకో. ఆపైన మట్టికి చోటుండాలి.

మా ఇంట్లో నియమం ఒకటే, వాన పడిన మర్నాడు పొలానికి వెళ్ళం. అది ఏ టైరు కంటే చవక.

డెంటన్ బాబాయి:

చెల్లెమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒకటి కలుపుతాను. పెద్ద సైజుల్లో చాలావరకు ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం దొరుకుతాయి, ఎక్కువ బరువు మోసేవి, ఇ రేంజి, అంటే పది ప్లై (పొరల) బలం. హైవే మీద తిరిగే నీకు అవి దండగ. బరువు ఎక్కువ, కుదుపు ఎక్కువ, అదే బరువు మోయడానికి గాలి కూడా ఎక్కువ పెట్టాలి. తలుపు కాగితం మీద గాలి 35 పీఎస్ఐ అని ఉంది కదా అని ఎల్‌టీకి కూడా అంతే పెడితే సరిపోదు. మైలేజీ కూడా పడిపోతుంది. నాకు గ్యాలనుకు 19 మైళ్ళు వచ్చేది 17కు దిగింది.

ప్లేనో పెద్దాయన:

అంత దిగదు. మీరు మీటరు సరిచేయకుండా లెక్క వేశారు. టైరు పెద్దదైతే ఓడోమీటరు తక్కువ మైళ్ళు చూపిస్తుంది. 17ను 1.035తో గుణించండి, 17.6 వస్తుంది.

డెంటన్ బాబాయి:

ఆ ఆరు పాయింట్లు పెట్రోలు బంకు వాడికి చూపిస్తే డబ్బు వెనక్కి ఇస్తాడా? అయినా స్పీడోమీటరు గురించి ఇక్కడ ముందుగా రాసింది నేనే.

ప్లేనో పెద్దాయన:

స్పీడోమీటరు గురించి రాశారు, ఓడోమీటరు గురించి కాదు. గేరు సంగతి అసలు ఎవరూ చెప్పలేదు. ఇరుసు గేరు 3.55 అయితే 285లతో అది 3.43 లాగా నడుస్తుంది, లాగే బలం తగ్గుతుంది. ట్రెయిలరు లాగితే తెలుస్తుంది.

మెకిన్నీ కొత్తవాడు:

అందరికీ ధన్యవాదాలు. అక్క చెప్పినట్లే సాయంత్రం టేపు పట్టుకుని కూర్చున్నాను. తలుపు మీద కాగితంలో కూడా 265/70 ఆర్ 17 అనే ఉంది. ఎడమవైపు మడ్ ఫ్లాపు దగ్గర అంగుళంన్నర. కుడివైపు అంగుళంపావు. చక్రం దిమ్మ మీదకు ఎక్కించాక కుడివైపు ముప్పావు అంగుళమే మిగిలింది. ఎండిన మట్టి గడ్డ ఒకటి అక్కడే ఇరుక్కుని ఉంది, స్క్రూడ్రైవరుతో తీశాను. 275/70, ఎల్‌టీ కాని ఆల్ టెరైన్ రకం చెప్పేస్తున్నాను. పాతవి షాపులోనే వదిలేస్తాను, అర్వింగ్ అన్నా.

ఒక సందేహం. నాలుగే మార్చితే స్పేరు పాత సైజుదే ఉంటుంది కదా, పరవాలేదా?

నంద్యాల ఆడపడుచు, షెర్మన్:

ఇంటికి చేరేదాకా పరవాలేదు. అది బిగించి ఉన్నంతసేపు నాలుగు చక్రాల డ్రైవ్ మాత్రం వేయకు, ముందు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగి, రెండు ఇరుసులకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. కొత్తవి బిగించాక యాభై మైళ్ళు తిరిగి నట్లు మళ్ళీ బిగించుకో. పక్కగోడ మీద DOT అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూసే తీసుకో, తయారైన వారం, సంవత్సరం అవే. 2225 అని ఉంటే 2025లో ఇరవై రెండో వారం. షాపులో అడగకపోతే మూల పడి ఉన్నవే ముందు తెస్తారు.

ప్లేనో పెద్దాయన:

అయిదు కొనడం మేలు. స్పేరును కూడా కలిపి తిప్పుకుంటూ వాడుకోవచ్చు.

డెంటన్ బాబాయి:

నాలుగుకే డబ్బు లేదంటున్న పిల్లవాడికి అయిదు కొనమని సలహా.