లారీ లోడింగ్ కన్వేయర్: కరెంటు పోతే బస్తాలు వెనక్కి రాకుండా ఏం బిగించాలి?

మిర్యాలగూడలో రైస్ మిల్లు మాది. 50 కిలోల బియ్యం బస్తాలు లారీకెక్కించే బెల్టు కన్వేయర్ ఉంది: 20 అడుగుల పొడవు, 600 మి.మీ. బెల్టు, 3 హెచ్‌పీ మోటారు. పై వరసలకొచ్చేసరికి వాలు 25 డిగ్రీలు దాటుతోంది. గోనె సంచులు నిలుస్తున్నాయి, ప్లాస్టిక్ సంచులు నున్నటి బెల్టు మీద జారుతున్నాయి. గరుకు బెల్టు చాలా, అడ్డపట్టీలదే కావాలా? పట్టీలు ఎత్తుంటే కింది రోలర్లకు కొట్టుకుంటాయి కదా.

అసలు భయం కరెంటు పోయినప్పుడు. బరువుకు బెల్టు వెనక్కి తిరిగి, బస్తాలు కింద పేర్చే హమాలీల మీదికొస్తాయి. వడ్లు దించేటప్పుడు ఇదే బెల్టును రివర్సులో నడుపుతాం కాబట్టి బ్యాక్‌స్టాప్ (బెల్టును ఒకే దిక్కుకు తిరగనిచ్చే పరికరం) కుదరదు. బ్రేక్ మోటారే (కరెంటు పోగానే దానంతటదే పట్టేసే బ్రేకున్న మోటారు) దారి అనుకుంటున్నాం. బెల్టు మీద ఒకేసారి ఐదు బస్తాలుంటే బ్రేకు టార్కు (తిరగకుండా పట్టి ఆపే బలం) ఎంత ఉండాలి? ఎమర్జెన్సీ తాడు స్విచ్ (తాడు లాగితే కన్వేయర్ ఆగేది) రెండు వైపులా పెట్టాలా? వాడుతున్నవాళ్లు చెప్పండి, దయచేసి.