టెక్సస్‌లో ప్రొమొటోరాలతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండీ, మేం డాలస్‌లో ఉంటాం. దక్షిణ సరిహద్దున రియో గ్రాండే లోయలో లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళలు ఇంటింటికీ తిరిగి గర్భనిరోధం, క్యాన్సర్ పరీక్షల గురించి స్పానిష్‌లో చెప్తారు, వాళ్లని ప్రొమొటోరాలంటారు, నాకైతే మన ఆశా కార్యకర్తలే గుర్తొచ్చారు. వలస కాగితాలు లేనివాళ్లకి, దారిలో వాటిని తనిఖీ చేసే ఫాల్‌ఫురియస్ చెక్‌పోస్టు దాటి పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా భయమే.

లాస్ ఏంజెలెస్‌లో కాన్పుకి వెళ్తే సరిగ్గా చెప్పకుండానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారని పదిమంది మెక్సికన్ మూలాలున్న తల్లులు కోర్టుకెక్కి 1978లో ఓడిపోయారు, అయినా ఆ పోరాటం వల్లే స్పానిష్‌లో సమ్మతి పత్రాలొచ్చాయి. అది చదివాక మనసు ఆగట్లేదు.

ఇక్కడ డిపెండెంట్ వీసా మీదున్న మన ఆడవాళ్లూ ఇలాంటివి ఎవరినీ అడగలేక టెన్షన్ పడుతుంటారు. వాళ్లకోసం తెలుగులో ఇలాంటి పని మొదలుపెట్టాలనుంది. ప్రొమొటోరాలకి శిక్షణ ఎలా ఇస్తారు? మొదటిసారి తలుపు తట్టినప్పుడు మాట ఎలా కలుపుతారు? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.