నైట్ డ్యూటీ వాళ్లకి గుండ్రటి డే ప్లానర్: ప్రింట్ తీసి నోట్‌బుక్‌లో అతికించుకోవడం ఎలా?

రాత్రిపాళి_గుంటూరు:

నమస్తే అండీ. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాకు మార్నింగ్ 8 నుంచి 2, ఈవినింగ్ 2 నుంచి 8, నైట్ అయితే రాత్రి 8 నుంచి పొద్దున 8. నైట్లు పడ్డాయంటే వరసగా ఆరు పడతాయి. వార్డులో హ్యాండోవర్ బుక్ ఎంత పద్ధతిగా రాస్తానో, నా సొంత రోజు అంత గజిబిజిగా ఉంటుంది.

మామూలు డైరీతో వచ్చే చిక్కు చెప్తాను. సోమవారం రాత్రి డ్యూటీ సగం సోమవారం పేజీలో పడుతుంది, మిగతా సగం మంగళవారం పేజీలోకి పోతుంది. మంగళవారం పేజీ తెరిస్తే పైన డ్యూటీ, మధ్యలో నిద్ర, కింద మళ్లీ డ్యూటీ. ఎప్పుడు ఎంతసేపు పడుకున్నానో ఒక్క చూపులో తెలియదు. మొన్న పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ ‘బుధవారం 11కి’ అని రాసుకున్నాను. ఆ టైమ్‌కి నైట్ దిగొచ్చి నిద్రలో ఉంటానన్న సంగతి తట్టలేదు. లేచేసరికి మూడున్నర. పాప ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

రోజుని గడియారంలా ఒక వృత్తంగా గీసి, గంటల ముక్కల్లో రంగు వేసుకునే గుండ్రటి ప్లానర్ల ఫొటోలు చూసినప్పుడు, ఇందులో అయితే నైట్ డ్యూటీ ముక్కలవదు కదా అనిపించింది. పాప జామెట్రీ బాక్సులోంచి వృత్తలేఖిని, కోణమానిని తీసుకుని ఒకటి గీశాను. 24 గంటలు, గంటకి 15 డిగ్రీలు. బాగానే వచ్చింది కానీ 20 నిమిషాలు పట్టింది. రోజూ నావల్ల కాదు. కంప్యూటర్లో చేసి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే 9 సెంటీమీటర్ల వృత్తం 8.6 వచ్చింది. గమ్ రాసి అతికిస్తే పేజీ అప్పడంలా ముడతలు పడింది.

12 గంటలది మంచిదా, 24 గంటలదా? పైన ఏ గంట ఉండాలి? ప్రింట్ సరిగ్గా రావాలంటే ఏం చేయాలి? వాడుతున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

లెక్కల_మాస్టారు:

అమ్మా, నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. ముందు 12, 24 సంగతి చెప్తాను.

12 గంటల వృత్తం గోడ గడియారంలా ఉంటుంది కాబట్టి కంటికి ఇట్టే అలవాటవుతుంది. 2011లో హాంగ్‌కాంగ్‌కు చెందిన ప్యాట్రిక్ ఎన్‌జీ తయారుచేసి ఉచితంగా పంచిన ‘క్రోనోడెక్స్’ కూడా గడియారం పద్ధతిదే. పగలు పనిచేసేవాళ్లకి అది హాయిగా ఉంటుంది. మీ డ్యూటీయే 12 గంటలు. రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు రంగు వేస్తే వృత్తమంతా నిండిపోతుంది, ఇక నిద్రకి చోటేదీ? మీరు 24 గంటలదే పెట్టుకోండి.

పైన మధ్యాహ్నం 12 పెట్టండి, అర్ధరాత్రి వద్దు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మధ్యాహ్నం కదా. కుడివైపు సాయంత్రం 6, అడుగున అర్ధరాత్రి, ఎడమవైపు పొద్దున 6 వస్తాయి. పై సగం వెలుగు, కింది సగం చీకటి. మీ నైట్ డ్యూటీ అడుగున ఒక పక్కకి వాలిన గిన్నెలా ఒకే ముక్కగా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. వృత్తానికి మొదలూ చివరా లేకపోయినా, ఒక కాగితానికి ఉంటాయి. ఇవాళ్టి వృత్తం ఏ గంటకి మొదలై ఏ గంటకి ముగుస్తుంది? తేదీ మారే అర్ధరాత్రి దగ్గర తెంపితే మళ్లీ మీ డ్యూటీ రెండు ముక్కలు. మధ్యాహ్నం 12 దగ్గర తెంపితే మీ నిద్ర రెండు ముక్కలు. అందుకని నిద్ర లేచే గంట దగ్గర కేంద్రం నుంచి అంచు దాకా ఒక ఎర్ర గీత గీయండి. నైట్లలో మీరు సాయంత్రం 4కి లేస్తారనుకుంటే, ఇవాళ 4 నుంచి రేపు 4 దాకా ఒక వృత్తం. మధ్యలో రెండు తేదీలూ రాయండి, ‘సోమ–మంగళ’ అని. మార్నింగ్ డ్యూటీ వారంలో ఆ ఎర్ర గీతని పొద్దున 5కి జరపండి. అంకెలు ఎక్కడివక్కడే ఉంటాయి, గీత ఒక్కటే జరుగుతుంది.

గీతలన్నీ ఒకే మందంలో ఉంటే కన్ను తికమక పడుతుంది. మూడు గంటలకి ఒకటి చొప్పున ఎనిమిది గీతలు లావుగా ఉంచండి. అంటే జాముకొకటి, 45 డిగ్రీలు. మన పెద్దల లెక్కలో రోజుకి 60 ఘడియలు, ఘడియకి 24 నిమిషాలు. వృత్తం మీద పెడితే ఘడియ సరిగ్గా 6 డిగ్రీలు వస్తుంది. పిల్లలకి ఇది బోర్డు మీద గీసి చూపించిన ప్రతిసారీ నాకు సంతోషంగా ఉంటుంది.

డీటీపీ_తమ్ముడు_బెజవాడ:

అక్కా, ప్రింట్ సంగతి నేను చెప్తాను, రోజూ చేసే పనే. 9 కాస్తా 8.6 అయిందంటే షాపులో ‘ఫిట్ టు పేజ్’ (కాగితానికి సరిపడేలా సైజు మార్చేది) పెట్టి కొట్టారు. ‘యాక్చువల్ సైజ్’ లేదా 100 శాతం అని అడిగి పెట్టించుకోండి. ఫైల్ పీడీఎఫ్‌గానే పంపండి. వర్డ్ ఫైల్ పంపితే వాళ్ల కంప్యూటర్లో ఫాంట్ మారి అన్నీ జరిగిపోతాయి. షీటు అంచున సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి పెట్టుకోండి. మొదటి కాపీ రాగానే స్కేలు పెట్టి ఆ గీత కొలవండి. తేడా ఉంటే అక్కడే ఆపేయొచ్చు, ముప్పై కాపీలు పాడవవు.

ఏ4 కాగితం వెడల్పు 21, పొడవు 29.7 సెంటీమీటర్లు. 9 సెంటీమీటర్ల వృత్తాలు అడ్డంగా రెండు, నిలువుగా మూడు, మొత్తం ఆరు పడతాయి. అంచుల్లో ప్రింటర్ వదిలేసే చోటు కూడా మిగులుతుంది. 9 కంటే తగ్గించకండి. ఆ సైజులోనే అంచు దగ్గర గంటకి 1.2 సెంటీమీటర్ల చోటు కూడా రాదు.

గీయడానికి సాఫ్ట్‌వేర్ ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో 24 సార్లు 1 కొట్టి, డోనట్ చార్ట్ పెట్టండి. 24 సమాన ముక్కలు అవే వస్తాయి. రంగు తీసేసి గీతలు మాత్రం ఉంచండి. మధ్య ఖాళీలో తేదీ రాసుకోవచ్చు.

గీతలు లేత బూడిద రంగులో బాగుంటాయని చాలామంది చెప్తారు. లేజర్ ప్రింటర్లో బూడిద రంగు చుక్కలుగా పడుతుంది, సన్న గీత అయితే తెగినట్టు వస్తుంది. సన్నటి నల్ల గీతే పెట్టండి. ఇంక్‌జెట్ ప్రింట్ మీద హైలైటర్ గీస్తే ఇంకు సాగుతుంది, కాబట్టి లేజర్ ప్రింటే తీయించండి. నీళ్ల గమ్ వద్దు, గ్లూ స్టిక్ వాడండి, అంచుల్లో మాత్రం రాస్తే చాలు.

ఇంకొకటి. ముప్పై కాగితాలు అతికిస్తే పుస్తకం కడుపుబ్బినట్టు అవుతుంది. మధ్యమధ్యలో కొన్ని పేజీలు తీసేయండి. పూర్తిగా చించితే కుట్టు అవతలి పేజీ కూడా ఊడొస్తుంది, అందుకని కుట్టు దగ్గర అరంగుళం వదిలి కత్తెరతో కోయండి.

గాజులపెట్టె:

ప్రింటర్ అందుబాటులో లేనప్పుడు నేను చేసేది చెప్తానండీ. 2.6 సైజు గాజు లోపలి కొలత 2 అంగుళాల 6 వీసాలు (వీసం అంటే అంగుళంలో పదహారో వంతు), అంటే 6 సెంటీమీటర్ల పైన కొంచెం. పాత శుభలేఖ అట్ట మీద గాజు పెట్టి గీసి, ఆ బిళ్ల కత్తిరించి, అంచు చుట్టూ 24 చిన్న గాట్లు పెట్టుకున్నాను. పేజీ మీద పెట్టి చుట్టూ గీసి, గాట్లలో పెన్సిల్ ఆనిస్తే అయిపోయింది. రెండు నిమిషాల పని. చిన్నది కాబట్టి లోపల ఏమీ రాయను, రంగే వేస్తాను. రాయాల్సింది బయటికి గీత లాగి రాస్తాను.

రాత్రిపాళి_గుంటూరు:

ఆరు నైట్లు అయ్యాక రాస్తున్నాను. మాస్టారూ, ఎర్ర గీత పెట్టాక చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. నా రాత్రి మొదటిసారి ఒక్క చోట కనిపించింది. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే 100 శాతం అడిగాను, సరిగ్గా 9 వచ్చింది.

డ్యూటీకి నీలం, నిద్రకి పసుపు వేశాను. మొదటి మూడు వృత్తాల్లోనూ పసుపు మూడు ముక్కలుగా ఉంది. తొమ్మిదిన్నరకి పడుకుంటే పదకొండుకి ఒక తెల్ల చీలిక, పన్నెండున్నరకి ఇంకొకటి. పదకొండుకి గ్యాస్ బండో కొరియరో వచ్చి బెల్ కొడతారు. పన్నెండున్నరకి మా అత్తయ్య కుక్కర్ పెడతారు, విజిల్‌కి లేస్తాను. ఇన్నాళ్లూ ‘ఆరు గంటలు పడుకున్నాను కదా, ఇంకా తల ఎందుకు బరువుగా ఉంది’ అనుకునేదాన్ని.

ఆ మూడు పేజీలూ ఇంట్లో చూపించాను. నోటితో చెప్పినప్పుడు అర్థం కానిది బొమ్మ చూస్తే అర్థమైంది. అత్తయ్య ఇప్పుడు నేను దిగొచ్చేలోపే పప్పు ఉడికించేస్తున్నారు. బెల్‌కి స్విచ్ పెట్టించాం. ఆరో రోజు వృత్తంలో పసుపు 10 నుంచి 3 దాకా ఒకటే ముక్క. ఆ పేజీకి పాప నక్షత్రం స్టిక్కర్ అంటించింది.

పాప టీచర్‌ని కలవడానికి ఈసారి సాయంత్రం 4:30 అడిగాను, సరేనన్నారు. వచ్చే నెల డ్యూటీ చార్ట్ రేపు వేస్తారు. మళ్లీ ఆరు నైట్లే అయితే ఒక్క ఏ4 షీటు సరిపోతుంది. గాజులపెట్టె గారూ, మా వార్డులో ఇంకో అమ్మాయి కూడా అడుగుతోంది, జేబులో పట్టే చిన్న పుస్తకం కావాలట. మీ శుభలేఖ బిళ్ల ఫొటో పెడతారా?