27 ఏళ్ళకి క్లిప్పులు పెట్టించుకుంటే ఓవర్‌బైట్ నిజంగా తగ్గుతుందా?

అందరికీ నమస్తే. నోరు మూస్తే నా పై పళ్ళు కింద పళ్ళని మొత్తం కప్పేస్తాయండి (ఓవర్‌బైట్ అంటే ఇదే), కింద పళ్ళేమో పై పళ్ళ వెనకాల చిగురుకి గుచ్చుకుని అక్కడ ఎప్పుడూ పచ్చిగా ఉంటుంది, ఆవకాయ తిన్నానంటే చుక్కలు కనిపిస్తాయి. 8 నెలల క్రితం క్లిప్పులు వేయించుకున్నా. ముందు పళ్ళ వెనక నీలం రంగు దిమ్మెల్లాంటివి కూడా అంటించారు, వాటి వల్ల వెనక పళ్ళు కలవక మొదటి వారమంతా మజ్జిగన్నం పిసుక్కుని మింగడమే.

ఇప్పుడు పై క్లిప్పులకీ కింద క్లిప్పులకీ కలిపి తగిలించుకునే రబ్బర్లు రోజుకి 20 గంటలకి పైనే ఉంచమన్నారు. నిజం చెప్తున్నా, ఆఫీసులో టిఫిన్‌కని తీసి జేబులో వేసుకుని మర్చిపోతా, 12 గంటలు ఉంటే గొప్ప. దానికితోడు రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటొకటి, ఇప్పటికే పళ్ళకి అంటించిన బ్రాకెట్లు (తీగ పట్టుకునే చిన్న ముక్కలు) రెండు ఊడాయి.

మా చెల్లికి ఇదే సమస్యకి 12 ఏళ్ళప్పుడు తీసి పెట్టుకునే ప్లేట్లు ఇచ్చారు, దవడ ఎదిగే వయసు కాబట్టి బాగానే పనిచేశాయి. నాకు ఆ ఛాన్స్ లేదు, పళ్ళు జరపడమే, తేడా దవడ ఎముకలోనే ఎక్కువుంటే ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి రావచ్చన్నారు, అది విన్నప్పట్నుంచి అమ్మకి నిద్ర లేదు.

పెద్దయ్యాక చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆపరేషన్ లేకుండా తగ్గిందా? రబ్బర్లు ఎగ్గొడితే ఎన్ని నెలలు ఎక్కువ పట్టింది? క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ జరక్కుండా పెట్టుకునే రిటైనర్ మానేసి మళ్ళీ మొదటికొచ్చినవాళ్ళుంటే అదీ చెప్పండి, తిట్టినా పర్లేదు.